జంప్ స్టార్టర్ ఎందుకు మొరాయిస్తుంది: సంరక్షణ, మరమ్మతుపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కొంచెం ముందుకు జరిగితే బల్ల మీద విప్పి పెట్టినవి కనిపిస్తాయి. ఇవాళ మనం మాట్లాడుకునేది జంప్ స్టార్టర్ గురించి. కారు బ్యాటరీ డౌనై సెల్ఫ్ తిరగనప్పుడు, పక్క బండివాళ్లను బతిమాలకుండా మన దగ్గరున్న పెట్టెతోనే స్టార్ట్ చేసుకుందామని కొంటాం. దాన్ని ఎలా వాడాలో డబ్బా మీద బొమ్మలు వేసి మరీ చెబుతారు. రెండేళ్లు పోయాక అదే పెట్టె ఎందుకు పనిచేయదో, అప్పుడు ఎక్కడ చూడాలో మాత్రం ఎవరూ రాయరు. కాబట్టి వాడకం గురించి తక్కువ, చెడిపోవడం గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి సంగతి. వీటిలో చాలా వరకు డిక్కీలో ఊరికే పడి ఉండి పాడవుతాయి. ఏడాదికి రెండుసార్లు పని పడే వస్తువు, మిగతా రోజులన్నీ ఎండలో, ఛార్జింగ్ లేకుండా. రెండో సంగతి, ముందు వైపు వెలిగే పచ్చ లైట్లు. ఆ బటన్ నొక్కితే కనిపించేది లోడు లేనప్పటి, అంటే కరెంటు లాగనప్పటి, వోల్టేజీ మాత్రమే. లోపల బ్యాటరీ పూర్తిగా అరిగిపోయినా, రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి తీస్తే నాలుగు లైట్లూ వెలుగుతాయి. క్లాంపులు తగిలించి సెల్ఫ్ కొట్టగానే టక్‌మని ఆగిపోతుంది. అందుకే ఈ గంటంతా ఒకే విషయం చుట్టూ తిరుగుతాను: లోడు మీద వోల్టేజీ ఎంత పడుతోంది, ఎక్కడ పడుతోంది.

ఇక్కడ మూడు రకాలున్నాయి. ఎడమ పక్కది పాత తరహా, సీల్డ్ లెడ్ యాసిడ్. హ్యాండిల్, టార్చి, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ అన్నీ కలిపి ఏడెనిమిది కిలోలుంటుంది. లోపల 12 వోల్టుల 17 లేదా 18 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) ఏజీఎం బ్యాటరీ, అంటే యాసిడ్‌ను గాజు నారలో పీల్చి ఉంచే రకం, ఉంటుంది, పెద్దవాటిలో 22 ఏహెచ్. మధ్యలోది లిథియం, చేతిలో పట్టేంత. మూడోది సూపర్ కెపాసిటర్ రకం. దీని గురించి రెండు మాటలే: ఇందులో అసలు బ్యాటరీ ఉండదు, డౌనైన కారు బ్యాటరీలో మిగిలిన కాస్త ఛార్జినే కొన్ని నిమిషాలు పీల్చి, పోగేసి, ఒక్కసారిగా ఇస్తుంది. నిల్వ ఉంచినందుకు పాడయ్యేది తక్కువ. కారు బ్యాటరీ మరీ చచ్చిపోయి ఉంటే మాత్రం దీనికి వేరే చోటి నుంచి ఛార్జి పెట్టాలి. ఒక ప్రయత్నానికి సరిపడా శక్తే ఉంటుంది, నాలుగైదు సెకన్లు. ఇక దాన్ని పక్కన పెడదాం.

మరమ్మతుకు ముందు డబ్బా మీది అంకెల సంగతి తేల్చుకోవాలి. లేకపోతే పరికరం చెడిపోయిందో, మొదటి నుంచీ అంతే చేవో తెలియదు. లిథియం దాని మీద 12,000 ఎమ్‌ఏహెచ్ అని ఉంటుంది. అది ఒక్క సెల్ వోల్టేజీ, అంటే 3.7 దగ్గర వేసిన లెక్క. లోపల మూడు సెల్స్ సిరీస్‌లో ఉంటాయి, నామమాత్రపు వోల్టేజీ 11.1. గుడ్డను మూడు మడతలు వేస్తే పొడవు మూడో వంతే మిగిలినట్టు, ఆ వోల్టేజీ దగ్గర అది 4,000 ఎమ్‌ఏహెచ్ మాత్రమే. రెండు లెక్కల్లోనూ శక్తి ఒకటే, 44.4 వాట్ అవర్లు. కొనేటప్పుడు వాట్ అవర్లే అడగండి. ఇక పీక్ ఆంపియర్లు, అంటే ఒక్క క్షణం ఇవ్వగల గరిష్ఠ కరెంటు. దాన్ని అందరూ ఒకే పద్ధతిలో కొలిచి ముద్రించరు. అమెరికా గరాజుల్లో బాగా వాడే జంప్-ఎన్-క్యారీ జేఎన్‌సీ 660 తీసుకోండి. 22 ఏహెచ్ లెడ్ యాసిడ్ పెట్టె. దాని మీద 1,700 పీక్ ఆంపియర్లు అంటారు, క్రాంకింగ్ ఆంపియర్లు, అంటే సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ ఇవ్వగల కరెంటు, 425 అని కూడా వాళ్లే రాస్తారు. రెండో అంకె రాసినవాళ్లు నయం. పీక్ మాత్రమే రాసి ఊరుకున్న పెట్టెకు నేనైతే విలువ ఇవ్వను.

మరి మన కారుకు ఎంత కావాలి? చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు దాదాపు 100 నుంచి 150 ఆంపియర్లు లాగుతుంది, మొదటి క్షణంలో అంతకు రెట్టింపు పైనే. డీజిల్ ఎస్‌యూవీ అయితే 250, 300 దాటుతుంది. లెక్క సులువుగా ఉండటానికి 200 అనుకుందాం. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 200 ఆంపియర్ల దగ్గర ప్రతి మిల్లీ ఓమ్‌కు 0.2 వోల్టు పోతుంది.

ఇప్పుడు బోర్డు మీద లెక్క వేస్తాను. బ్యాటరీ 12.6 వోల్టులు. దాని అంతర్గత నిరోధం 10 మిల్లీ ఓమ్‌లు, కాబట్టి 2 వోల్టులు లోపలే పోయాయి. రెండు కేబుళ్లు కలిపి 3 మిల్లీ ఓమ్‌లు, 0.6 వోల్టు. క్లాంపులు టెర్మినల్‌ను పట్టుకునే చోట మరో 2 మిల్లీ ఓమ్‌లు, 0.4. మొత్తం 3 వోల్టులు పోయి కారు దగ్గరకు చేరింది 9.6. సెల్ఫ్ తిరిగేటప్పుడు అంతకంటే కిందకి పోతే ఇంజిన్ కంప్యూటర్, ఇంధనం పంపు, స్పార్కు ఒక్కోటీ బలహీనపడటం మొదలవుతుంది. అన్నీ బాగున్నప్పుడే మనం అంచు మీద ఉన్నాం. క్లాంపు రివిట్ దగ్గర చిలుము పట్టి ఇంకో 5 మిల్లీ ఓమ్‌లు కలిస్తే చాలు, కొత్త బ్యాటరీ వేసినా బండి స్టార్ట్ అవదు. చాలామంది బ్యాటరీ మార్చి, డబ్బు పోగొట్టుకుని, పెట్టెను మూలన పడేసేది ఇక్కడే.

మిల్లీ ఓమ్‌లను మామూలు మల్టీమీటరు కొలవలేదు. రెండు ప్రోబులను ఒకదానికొకటి ఆనిస్తేనే అది 0.2 ఓమ్, అంటే 200 మిల్లీ ఓమ్‌లు చూపిస్తుంది. కాబట్టి దొడ్డిదారి పట్టాలి. రెండు హెచ్4 హెడ్‌లైట్ బల్బులు తెచ్చుకోండి, 60/55 వాట్లవి. హై ఫిలమెంట్, లో ఫిలమెంట్ పిన్నులు రెండూ కలిపి ఒక వైరు, కామన్ పిన్నుకు ఇంకో వైరు. ఏ పిన్ను ఏదో మీటరుతో చూసుకోవచ్చు. రెండు ఫిలమెంట్లూ వెలిగితే ఒక బల్బు సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. వైరు కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్లది వాడండి. బల్బును నేల టైలు మీద పెట్టండి, పేపరు మీద కాదు. చేయి తగిలితే బొబ్బ ఎక్కుతుంది.

10 ఆంపియర్లు అంటే ఎంత సుఖమో చూడండి. ఒక మిల్లీ ఓమ్‌కు 10 మిల్లీవోల్టులు. మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, బల్బు వెలుగుతుండగా ఒక ప్రోబు బ్యాటరీ పోస్టు మీద, ఇంకోటి అదే వైపు క్లాంపు పన్ను మీద పెట్టండి. 10, 15 మిల్లీవోల్టులు వస్తే ఆ వైపు బాగున్నట్టు. 30 దాటితే ఎక్కడో లోపం. అప్పుడు ప్రోబును ఒక్కో జాయింటు దాటిస్తూ రండి: పోస్టు నుంచి లగ్గుకు (కేబులు కొసన బోల్టుకు బిగించే రంధ్రమున్న రేకు), లగ్గు నుంచి వైరుకు, స్విచ్చికి ఈ పక్క నుంచి ఆ పక్కకు, వైరు నుంచి క్లాంపుకు. ఎక్కడ అంకె ఎగిరిందో జబ్బు అక్కడుంది. బల్బును క్లాంపుల మధ్యే తగిలించాలి, అప్పుడే కరెంటు మొత్తం దారిలో పోతుంది.

బ్యాటరీ అంతర్గత నిరోధానికీ ఇవే బల్బులు. ఒక బల్బు వెలిగించి రెండు నిమిషాలు ఆగండి. ఛార్జింగ్ తీసిన వెంటనే ఉండే పైపై వోల్టేజీ ఆ రెండు నిమిషాల్లో దిగిపోతుంది. పోస్టుల మీద వోల్టేజీ రాసుకుని, రెండో బల్బు కలిపి ఐదు సెకన్లకు మళ్లీ రాసుకోండి. తేడా 0.1 వోల్టు అయితే నిరోధం 10 మిల్లీ ఓమ్‌లు, పరవాలేదు. 0.2 దాటితే 200 ఆంపియర్ల దగ్గర బ్యాటరీ లోపలే 4 వోల్టులు పోతాయి, దానితో పని కాదు. ఈ పరీక్ష లెడ్ యాసిడ్‌కూ లిథియంకూ ఒకేలా పనికొస్తుంది.

సరే, లెడ్ యాసిడ్ పెట్టె దగ్గరకు వద్దాం. ఏజీఎం బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకు దాదాపు 3 శాతం తనంతట తానే ఖాళీ అవుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆ వేగం సుమారు రెట్టింపు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. మూడు నెలలు పట్టించుకోకపోతే సగం ఖాళీ. సగం ఖాళీగా ఉన్న లెడ్ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా తిరిగి కరగదు. అందుకే వేసవిలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి ఛార్జింగ్. వాడిన రోజు రాత్రే ఛార్జింగ్. దాని జాగా ఇంట్లో నీడలో ఉండే అలమర, ప్రయాణం ఉన్నప్పుడు డిక్కీ.

కూడా వచ్చిన అడాప్టరును ఒకసారి పరీక్షించండి. చవక రకాల్లో వోల్టేజీకి కట్టడి ఉండదు. ఛార్జింగ్ పెట్టి 24 గంటలయ్యాక, తీయకుండానే, బ్యాటరీ పోస్టుల మీద కొలవండి. 13.5 నుంచి 13.8 దగ్గర నిలిస్తే దాన్ని అలాగే వదిలేసినా నష్టం లేదు. మన వేసవి గదుల్లో, 40 డిగ్రీల దగ్గర, 13.4 ఉంటే ఇంకా మంచిది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు 18 మిల్లీవోల్టులు తగ్గించాలని లెక్క. 14.5 పైన నిలబడి ఉంటే నిండగానే తీసేయాల్సిన అడాప్టరు, వారం వదిలేస్తే లోపలి తేమ ఆవిరైపోయి బ్యాటరీ ఎండిపోతుంది. 15 దాటిందా, పారేయండి. అలాగని కారు బ్యాటరీల 10 ఆంపియర్ల ఛార్జర్ తగిలించకూడదు. 17 ఏహెచ్‌కు నాలుగు ఆంపియర్లు మించొద్దు. ఒక ఆంపియర్ అడాప్టరుతో ఖాళీ బ్యాటరీ నిండటానికి 20 గంటలకు పైనే పడుతుంది, తొందరపడొద్దు.

ఛార్జింగ్ తీసి 12 గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే 12.8 నుంచి 13 వరకు ఉండాలి. 12.4 కంటే తక్కువైతే అది నిండలేదు, లేదా నిండే స్థితి దాటిపోయింది. పూర్తిగా ఛార్జి పెట్టినా 10.5 దగ్గరే నిలిచిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి షార్టయిందని అర్థం, ఇక దాని మీద సమయం పెట్టొద్దు. వోల్టేజీ బాగున్నా నమ్మకం లేకపోతే ఒక హెచ్4 బల్బు తగిలించి గడియారం చూడండి. కొత్త 17 ఏహెచ్ బ్యాటరీ 10.5 వోల్టులకు దిగడానికి గంటకు పైగా పట్టాలి. అరగంటలోపే దిగితే మార్చాల్సిందే. 10.5 చూడగానే బల్బు తీసేయండి, ఇంకా లాగితే పరీక్షే బ్యాటరీని చంపుతుంది.

మూతలు ఊడబీకి, చుక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ పోసి బాగుచేసే వీడియోలు మీరూ చూసి ఉంటారు. యూపీఎస్‌కో, చిన్న లైటుకో కొన్నాళ్లు లాక్కురావడానికి పనికొస్తుందేమో గానీ జంప్ స్టార్టర్‌కు కావాల్సింది ఒక్కసారిగా వచ్చే పెద్ద కరెంటు. అది తిరిగి రాదు.

మార్చడానికి విప్పేటప్పుడు. అడుగున ఎనిమిది పది స్క్రూలుంటాయి, కొన్ని రబ్బరు కాళ్ల కింద, ఒకటో రెండో స్టిక్కరు కింద దాక్కుంటాయి. లోతుగా ఉంటాయి కాబట్టి పొడుగు కాడ ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. పెట్టెను తెరవగానే ఫోనుతో ఫొటో తీయండి. ఉంగరం, స్టీలు గడియారం తీసి పక్కన పెట్టండి. ఈ బ్యాటరీకి ఆఫ్ అనేది లేదు. స్పానర్ రెండు పోస్టుల మీద అడ్డంగా పడితే ఎర్రగా కాలుతుంది. స్పానర్ కాడకు టేపు చుట్టండి. ముందు నెగటివ్ బోల్టు, దాని లగ్గుకు టేపు, తర్వాత పాజిటివ్.

కొత్త బ్యాటరీకి కొలతలు ముఖ్యం. 17, 18 ఏహెచ్ సాధారణ సైజు 181 మిల్లీమీటర్ల పొడవు, 77 వెడల్పు, 167 ఎత్తు. ఇదే సైజు యూపీఎస్ బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది, ఎక్సైడ్ పవర్‌సేఫ్‌లో గానీ, తిరుపతి దగ్గర తయారయ్యే అమరరాజా వాళ్ల క్వాంటాలో గానీ. కానీ యూపీఎస్ బ్యాటరీని గంటల తరబడి కొంచెం కొంచెం ఇవ్వడానికి చేస్తారు. హై రేట్ రకం దొరికితే అదే తీసుకోండి. మామూలుది వేస్తే పెట్రోలు కారుకు పని జరుగుతుంది, పెద్ద డీజిల్ బండికి ఆశ పెట్టుకోవద్దు. పాజిటివ్ ఏ పక్కనుందో, టెర్మినల్ బోల్టు రకమా, కేవలం స్పేడ్ రేకా అన్నది కూడా చూడండి. స్పేడ్ రేకు మీద 200 ఆంపియర్లు పంపితే అదే కరుగుతుంది.

బిగించే వరుస చాలామంది తప్పు చేస్తారు. టెర్మినల్ మీద మొదట లావు కేబులు లగ్గు నేరుగా ఆనాలి. దాని మీద ఛార్జింగ్, లైటు సన్న వైర్ల లగ్గులు. ఆ పైన వాషరు, స్ప్రింగ్ వాషరు, బోల్టు. వాషరును లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్యలో పెడితే పెద్ద కరెంటంతా స్టీలు వాషరు గుండా పోవాలి, కాబట్టి అక్కడే వేడెక్కుతుంది. ఎం5 బోల్టుకు రెండు మూడు న్యూటన్ మీటర్లు చాలు, మణికట్టు బలం. భుజం బలం పెడితే మెత్తటి సీసంలో మర ఊడొస్తుంది.

కేబుళ్లు, క్లాంపులు. క్లాంపును తెరిచి చూడండి: చవక రకాల్లో కేబులు ఒక్క దవడకే ఉంటుంది. రెండో దవడకు కరెంటు స్ప్రింగ్ గుండా, రివిట్ గుండా పోతుంది, అంటే పోదనే లెక్క. రెండు దవడలను రాగి అల్లిక పట్టీతో కలపండి, లేదా అచ్చం రాగి దవడలున్న క్లాంపులు వేయండి. పళ్ల మీద నల్లబడితే 120 నంబరు ఎమరీ పేపరుతో రుద్ది, పలచగా వ్యాసలీన్ రాయండి. రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూస్తే లగ్గు నొక్కిన చోట పచ్చటి చిలుము కనిపించవచ్చు. ఆ ముక్క కోసి, కొత్త లగ్గు క్రింప్ చేయించండి. లావు కేబులుకు సోల్డరు కంటే హైడ్రాలిక్ క్రింపింగే మేలు. సోల్డరు తంతులలోకి పాకి, ఆ అంచు దగ్గర వైరు విరుగుతుంది.

వైరు అసలు రాగేనా? ఒక తంతును బ్లేడుతో గీకండి. పైన వెండి రంగు, లోపల ఎరుపు అయితే తగరం పూత వేసిన రాగి, మంచిదే. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే రాగి పూత పూసిన అల్యూమినియం. అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు 1.7 మిల్లీ ఓమ్‌లు, 25 చదరపు మిల్లీమీటర్లది 0.7. ఒక్కో వైపు మీటరు చొప్పున 25 వేసుకుంటే కేబుళ్ల దగ్గర పోయేది 0.3 వోల్టులోపే. మరమ్మతులన్నిటిలో తక్కువ ఖర్చుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే అని నా అభిప్రాయం.

పక్కనుండే తిప్పే స్విచ్చి కూడా కాలుతుంది. బల్బు వెలుగుతుండగా దాని రెండు కొసల మధ్య 10 మిల్లీవోల్టులు దాటితే లోపల కాంటాక్టులు గుంటలు పడ్డాయి. విప్పి రుద్దినా ఎక్కువ రోజులు రాదు, బ్యాటరీ కటాఫ్ స్విచ్చి వేయండి. 12 వోల్టుల సాకెట్ పనిచేయకపోతే ముందు లోపలి 15 ఆంపియర్ల ఫ్యూజు చూడండి. అది సాకెట్‌కు, కంప్రెసర్‌కు సంబంధించినది. క్లాంపుల దారిలో సాధారణంగా ఆ ఫ్యూజు ఉండదు, కాబట్టి అది మార్చినంత మాత్రాన బండి స్టార్ట్ అవదు. కంప్రెసర్‌ను పది నిమిషాలు మించి ఏకధాటిగా తిప్పకండి, అంతే.

ఇక లిథియం. దీని మీద నా మొదటి సలహా, విప్పకుండా బయటి నుంచే సగం పరీక్షలు చేయండి. మూడు సెల్స్ పెట్టె నిండుగా 12.6 వోల్టులు, సగం ఛార్జి దగ్గర 11.4 ప్రాంతం, 9 అంటే ఖాళీ. 7.5 కంటే కిందకి, అంటే సెల్‌కు 2.5 కంటే కిందకి పోయి నెలల తరబడి ఉన్నదాన్ని మళ్లీ ఛార్జి పెట్టకండి. లోపలి రాగి రేకు కరిగి, తిరిగి ఛార్జి పెట్టినప్పుడు వేరే చోట పేరుకుని సెల్ లోపలే షార్టు చేస్తుంది. పెట్టె పక్కలు ఉబ్బినా, కీళ్లు విడినా, ఏదో తియ్యటి ద్రావకం వాసన వచ్చినా అంతే, దాని పని అయిపోయింది. కొన్ని మోడళ్లలో నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉంటాయి, నామమాత్రంగా 12.8, నిండుగా 14.4 పైన. వీటి అంకెలతో వాటిని కొలవకండి. లేబుల్ చదవండి.

దీన్ని కూడా మూడు నెలలకోసారి చూసి, నాలుగు లైట్లలో మూడు వెలిగేలా ఉంచితే చాలు. ఎప్పుడూ నూటికి నూరు నింపి వేడిలో ఉంచడం లిథియంకు మంచిది కాదు. కారులోంచి తీసిన వెంటనే, పెట్టె వేడిగా ఉండగా ఛార్జింగ్ పెట్టొద్దు. 45 డిగ్రీల పైన ఛార్జి చేయకూడదు.

ఛార్జి ఎక్కడం లేదు అని తెచ్చేవాటిలో కొన్నిటికి అసలు జబ్బే ఉండదు. టైప్-సీ రంధ్రం ఉంటుంది గానీ, అడాప్టరుకు నేను ఇక్కడున్నానని చెప్పే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు తయారీదారు వేయడు. రెండు కొసలూ టైప్-సీ ఉన్న కేబులు పెడితే అడాప్టరు కరెంటే వదలదు. ఒక కొస పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులుతో పెట్టి చూడండి, వెంటనే ఎక్కుతుంది. అదీ కాకపోతే రంధ్రంలో దుమ్ము, ఆ తర్వాత బోర్డు మీద సోల్డరు వదిలేసిన పిన్నులు.

క్లాంపుల వైరు మీద ఉండే చిన్న డబ్బా అసలు తలకాయ. రివర్స్ తగిలించినా, షార్టయినా ఆపేది అదే. లోపల కరెంటును కలిపి, తెంచే రిలే గానీ, మాస్‌ఫెట్‌లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు గానీ ఉంటాయి. పరీక్ష ఇది: పెట్టెకు గుచ్చి, కారుకు తగిలించకుండా, క్లాంపుల మధ్య వోల్టేజీ చూడండి. ఏ బటనూ నొక్కకుండానే నిండు 12 వోల్టులు వస్తే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఇక దానికి రక్షణ లేదు, క్లాంపుల సెట్టు మార్చండి. కేవలం డయోడ్లున్న పాత రకాల్లో మాత్రం ఎప్పుడూ వోల్టేజీ ఉంటుంది, అది లోపం కాదు. కారు బ్యాటరీ రెండు మూడు వోల్టులకు పడిపోయి ఉంటే డబ్బా దాన్ని గుర్తించదు, అప్పుడే బూస్ట్ బటన్. అది నొక్కితే రక్షణలు పక్కకు తప్పుకుంటాయి, కాబట్టి ఎరుపు, నలుపు రెండుసార్లు చూసుకోండి. స్టార్ట్ అయ్యాక 30 సెకన్లలోపు తీసేయాలి. ఆల్టర్నేటర్ 14 పైన ఇస్తుంది, మూడు సెల్స్ పెట్టె 12.6 మించి భరించదు.

నీలం రంగు ఈసీ5 ప్లగ్గు ఇంకో అనుమానితుడు. ప్లాస్టిక్ కరిగినట్టున్నా, పసుపు పిన్నులు నల్లబడినా మార్చండి. పిన్ను 5 మిల్లీమీటర్ల మందం, చిన్న సోల్డరింగ్ ఐరన్ దాన్ని వేడెక్కించలేదు. 80 వాట్లది కావాలి. పెట్టె వైపు సాకెట్ అయితే ఒక వైరు తీసి, అతికించి, తొడుగేశాకే రెండోది ముట్టుకోండి.

సెల్స్ మార్చవచ్చా అని అందరూ అడుగుతారు. 4 ఏహెచ్ నుంచి 200 ఆంపియర్లు తీయడమంటే 50 సీ రేటు, అంటే సామర్థ్యం అంకెకు 50 రెట్ల కరెంటు. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 18650 (గుండ్రటి గొట్టం ఆకారపు) సెల్స్ దీనికి దగ్గరికి కూడా రావు. మంచి హై రేట్ 18650 ఒక్కొక్కటి 20, 25 ఆంపియర్లు ఇస్తుంది, అంటే మూడు వరసల్లో ఒక్కో వరసకు ఎనిమిదేసి కావాలి. ఆ పెట్టెలో పట్టవు. అదే రేటు పౌచ్ (మెత్తటి సంచి రకం) ప్యాక్ దొరికి, సెల్స్ మధ్య తేడా 0.05 వోల్టు లోపు ఉంటేనే ఆలోచించండి. లేకపోతే కొత్తది కొనడమే చవక.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: మాది లారీ సార్, 24 వోల్టులు. రెండు బ్యాటరీల్లో ఒకదానికి తగిలించొచ్చా?

లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. రెండోది కూడా డౌనై ఉంటుంది కాబట్టి ఒకదానికి సాయం చేస్తే సరిపోదు, పైగా లారీ సెల్ఫ్ లాగే కరెంటుకు ఈ చిన్న పెట్టె చాలదు. మొత్తం 24 మీద మాత్రం 12 వోల్టుల పెట్టె తగిలించకండి. రివర్స్‌లో దానిలోకే కరెంటు దూరి లిథియం అంటుకుంటుంది. 24 వోల్టుల పెట్టె వేరే దొరుకుతుంది.

ప్రశ్న: నలుపు క్లాంపు బ్యాటరీ నెగటివ్‌కే పెట్టాలా, ఇంజిన్‌కా?

ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని బోల్టుకు. చివరి క్లాంపు తగిలేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. తీసేటప్పుడు ముందు నలుపే. సెల్ఫ్ ఐదు సెకన్లు మించి కొట్టకుండా, మధ్యలో లెడ్ యాసిడ్ పెట్టెకు రెండు మూడు నిమిషాలు విరామం ఇవ్వండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకు ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది. వాటిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది డౌనైతే పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టరు అనే స్విచ్చి పడదు. దానికి కావాల్సింది కొద్ది ఆంపియర్లే, అరిగిన పెట్టె కూడా సరిపోతుంది. ఎక్కడ తగిలించాలో మాత్రం మీ బండి మాన్యువల్ చూడండి.

ప్రశ్న: ఉబ్బిన లిథియం ప్యాక్ ఇంట్లో ఉంది. ఏం చేయమంటారు?

గుచ్చొద్దు, నొక్కొద్దు, ఛార్జి పెట్టొద్దు. ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి, ఇంటి బయట, కాలే వస్తువులకు దూరంగా ఉంచండి. చెత్తబండికి ఇవ్వకండి, లారీలో నలిగితే మంట పుడుతుంది. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. అమ్మినవాళ్లను అడగండి, లేదా అనుమతి ఉన్న ఈ-వేస్ట్, బ్యాటరీ రీసైక్లర్‌కు ఇవ్వండి. ఒకవేళ అంటుకుంటే ధారాళంగా నీళ్లు పోయండి. పౌడరు సిలిండరు మంటను ఆర్పుతుంది గానీ వేడి అలాగే ఉండి మళ్లీ రాజుకుంటుంది. లెడ్ యాసిడ్‌కు ఆ బెంగ లేదు, బ్యాటరీ దుకాణంలో పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు, బేరమాడండి.